సన్నీ లిస్టన్ ఎడమ చెయ్యి

బాక్సింగ్ అంటె ఏందో తెల్వనోళ్లు కూడ గా ఫొటో చూసే ఉంటరు. మహమ్మద్ అలీ నిలవడి, కుడి చెయ్యి ఛాతి మీదికి మడిచి, కింద పడ్డోని మీద అరుస్తుంటడు. 1965 మే 25న అమెరికాల మెయిన్ రాష్ట్రం, లూయిస్టన్ అనే చిన్న పట్నంల తీసిన ఫొటో అది. వాట్సాప్ స్టేటస్‌లల్ల, జిమ్ గోడల మీద, టీషర్టుల మీద అదే. అండ్ల నిలవడ్డోని గురించి ఎన్ని పుస్తకాలొచ్చినయో లెక్కలేదు. పండుకున్నోని పేరు చార్లెస్ లిస్టన్. సన్నీ లిస్టన్ అంటరు. నేను ఇయ్యాల రాసేది ఆయన ముచ్చట. ఇంకా దగ్గరికొచ్చి చెప్పాలంటె, ఆయన ఎడమ చేతి ముచ్చట.

నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022ల, మళ్ల 2023ల ప్రపంచ ఛాంపియన్ అయినంక మా దిక్కు పిల్లలు బాక్సింగ్ వీడియోలు మస్తు చూస్తున్నరు. హెవీవెయిట్‌ల మంచి జాబ్ ఎవరిదన్నా అని నన్ను అడుగుతరు. వాళ్లే జవాబు కూడ చెప్తరు: అలీది, లేకుంటె లారీ హోమ్స్‌ది. నేను లిస్టన్ పేరు తీస్తె నవ్వుతరు. వాడు బలమున్నోడు, గంతే గదా అంటరు.

నాకు గా బలం అన్న మాట కాడనే మండుతది. ఒకడు కొడితె తెలివి, ఇంకొకడు కొడితె బలం. ఎవుసం కూలి చేసెటోళ్ల పనిని సర్కారు కాయితాల్ల నైపుణ్యం లేని పని అని రాస్తరు సూడుండ్రి, గట్లనే. నాటేసే ఆడామె వేళ్లను దగ్గర నుంచి చూసినోడు ఎవడన్న ఆ మాట రాస్తడా? లిస్టన్‌కు సదువు రాదు, జైలుకు పోయొచ్చిండు, నల్లోడు, నవ్వని మొఖం. గసొంటోని చేతిల పనితనం ఉంటదని రాసెటోళ్లకు తట్టలే. అప్పటి పత్రికలు ఆయనను ఎలుగుబంటి అన్నయి, గొరిల్లా అన్నయి. జంతువుకు జాబ్ ఎందుకుంటది మరి?

జాబ్ అంటె కొలువు గాదు, కొత్తోళ్ల కోసం చెప్తున్న. ముందున్న చేత్తోని తిన్నగ పొడిచే దెబ్బ. మామూలుగ నిలవడెటోళ్లకు ఎడమ చెయ్యి ముందుంటది. ఆ దెబ్బతోని దూరం కొలుస్తరు, ఎదుటోని సూపుకు అడ్డం పెడ్తరు, వాని అడుగును ఆపుతరు, వెనక రాబోయే పెద్ద దెబ్బకు తొవ్వ తీస్తరు. శానామంది చేతుల అది చికాకు పెట్టే దెబ్బ. నొప్పి తక్కువ. పాయింట్లు వస్తయి.

లిస్టన్ జాబ్ పడితె మనిషి వెనకకు పోయెటోడు. ఆయన ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం. రెండు చేతులు బార్లా చాపితె 84 అంగుళాలు, అంటె ఏడడుగులు. ఎత్తు కంటె 11 అంగుళాలు ఎక్కువ. పిడికిలి చుట్టుకొలత 15 అంగుళాల దాక ఉండేదంటరు. మామూలు గ్లవుజులు పట్టకపోయేది. గీ కొలతలు చెప్పి అందరు ఆడనే ఆగిపోతరు. పొడుగు చెయ్యి ఉన్నోళ్లంత జాబ్ కొట్టగలిగితె వాలీబాల్ ఆడెటోళ్లంత ఛాంపియన్లు అయితుండె.

రోకలితోని వడ్లు దంచే అవ్వలను చూసినోళ్లకు గీ ముచ్చట జల్ది ఎక్కుతది. రోకలిని ఉత్త చేతులతోని దించితె పది పోట్లకే రెక్కలు పడిపోతయి. వాళ్లు ఒళ్లు బరువును రోకలి ఎంబడి దింపుతరు. లిస్టన్ చేసింది అదే. వెనక కాలు నేలను తన్నుతది. ముందు కాలు అర అడుగు జరుగుతది. ఆ కాలు నేలకు ఆనే లోపలనే పిడికిలి ఎదుటోని మొఖానికి ఆనాలె. గప్పుడు రెండు వందల పైన పౌండ్ల ఒళ్లు మొత్తం గా పిడికిలి వెనక ఉంటది. కాలు ముందు ఆని, చెయ్యి తర్వాత పోతె ఉత్త చెయ్యి బరువే తగులుతది. ఒక్క రెప్పపాటు తేడా. గా రెప్పపాటును పట్టెటందుకు ఏండ్లు వడతది. ఇంకోటి, కొట్టేటప్పుడు ఎడమ భుజం లేసి గదవను కప్పుతది, గందుకే ఎదుటోడు తిరిగి కొట్టే కుడి దెబ్బకు సందు దొరకది. పోయిన తొవ్వలనే చెయ్యి వాపస్ రావాలె, కిందికి జారొద్దు. అలీ చెయ్యి నడుము కాడ ఏలాడుతుండె, కాళ్ల వేగం కాపాడింది గాబట్టి నడిచింది. పుస్తకంల ఉన్నట్టు జాబ్ ఎవడు కొట్టిండంటె నేనైతె లిస్టన్ అనే అంట.

దాని వెనక ఇంకో మర్మం ఉన్నది. ఆయన ఎడమ హుక్ కూడ గా జాబ్ లెక్కనే మొదలైతది. భుజం కదిలేది ఒకటే తీరు. ఒకటి, రెండు తిన్నగ వస్తయి. ఎదుటోడు మూడోదానికి కూడ చేతులు మొఖం ముందు పెడ్తడు, అది పక్క నుంచి చుట్టూ తిరిగి దవడ మీద పడ్తది. రెండు దెబ్బలకు ఒక్కటే గుర్తు ఉంటె తప్పించుకునుడు ఎట్ల? దీన్ని బలం అంటరా?

గీ చెయ్యి యాడ తయారైందో చూద్దాం.

ఆర్కన్సా రాష్ట్రం, సెయింట్ ఫ్రాన్సిస్ కౌంటి, అంత పత్తి చేన్లు. తండ్రి టోబ్ లిస్టన్ పాలుకు చేసే రైతు. భూమి దొరది, విత్తనం అప్పు, పంట తీసినంక లెక్కల పుస్తకం దొర చేతిల. టోబ్‌కు రెండు పెండ్లిండ్ల మీద 25 మంది పిల్లలంటరు, సన్నీ చివరాఖరోళ్లల్ల ఒకడు. పుట్టిన తారీఖు ఆయనకే తెల్వది. 1930 జనాభా లెక్కల్ల పేరే లేదు, 1940 లెక్కల్ల పదేండ్ల పోరడని రాసిండ్రు. పెద్దగైనంక ఆయన చెప్పుకున్నది 1932 మే 8. బడి సారు అందాజగ రాసిన జూన్ తారీఖులతోని పింఛన్ ఆఫీసు చుట్టు తిరిగే మన ముసలోళ్లకు గీ బాధ తెలుసు. లిస్టన్‌కైతె జీవితాంతం అది ఎగతాళి ముచ్చట. వాడు చెప్పిన వయసు కంటె పదేండ్లు పెద్దోడని పత్రికలు జోకులేసేటివి.

తండ్రి కొట్టుడు మామూలు కొట్టుడు గాదు. ఆ వాతలు ఛాంపియన్ అయినంక కూడ వీపు మీద కనవడేటివి. కంచరగాడిద లేనప్పుడు నాగలికి కొడుకునే కట్టిండని ఒక ముచ్చట చెప్తరు. తల్లి హెలెన్ 1946ల మొగుణ్ని ఇడిసిపెట్టి కూలి పని ఎతుక్కుంట సెయింట్ లూయిస్ పట్నం పోయింది. పోరడు ఒక పొద్దుగాల బంధువుల చెట్టుకు పీకన్ కాయలు దులిపి, అమ్ముకొని, ఆ పైసలతోని టికెట్ కొని తల్లి దగ్గరికి పోయిండు. ఆడ బడిల ఏసిండ్రు. అంత పెద్ద పోరడు చిన్న పిల్లల నడుమ కూసుంటె అందరు నవ్విండ్రు. బడి బంద్. మిగిలింది బజారు. పెట్రోల్ బంకుల్ల, హోటళ్లల్ల దోపిడీలు. 1950 జనవరిల దొరికిండు, అయిదేండ్ల శిక్ష పడ్డది. జూన్ నెలల మిస్సోరి రాష్ట్ర జైలుకు పంపిండ్రు.

ఆ జైలు గురించి ఆయన ఎన్నడు మొత్తుకోలే. మూడు పూటల తిండి దొరికిందన్నడు. దీన్ని చదివి నవ్వేటోడు ఆకలి ఎరగనోడు.

జైల్ల చర్చి పని చూసే అలోయిస్ స్టీవెన్స్ అనే ఫాదర్ బాక్సింగ్ నేర్పించే ఏర్పాటు చేసిండు. కొన్ని నెలలకే జైల్ల ఎదురు నిలవడెటోడు లేకుంట పోయిండు. 1952 అక్టోబర్ 31న పెరోల్ మీద బయటికొచ్చిండు. లెక్క వెట్టుండ్రి, 1953 మార్చిల, అంటె అయిదు నెలలకు, షికాగో గోల్డెన్ గ్లవ్స్ పోటీల్ల ఎడ్ సాండర్స్‌ను ఓడగొట్టిండు. సాండర్స్ ఎవరు? అంతకు ముందటి ఏడు, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌ల హెవీవెయిట్ బంగారు పతకం తెచ్చినోడు. జైలు నుంచి వచ్చినోడు అయిదు నెలల్ల ఒలింపిక్ ఛాంపియన్ను గెలుచుడు బలం ఒక్కదానితోని అయితదా? బలమైనోళ్లు ఆ జైల్ల ఇంకా వందల మంది ఉండిరి.

అదే ఏడు సెప్టెంబర్ల పైసల పోటీల్లకు దిగిండు. 1954ల మార్టీ మార్షల్ అనెటోడు ఆయన దవడ ఇరగ్గొట్టిండు. ఇరిగిన దవడతోని ఎనిమిది రౌండ్లు నిలవడి పాయింట్ల మీద ఓడిపోయిండు. గా మార్షల్‌నే తర్వాత రెండు సార్లు ఓడించిండు.

ఇప్పుడు చేదు ముచ్చట. సెయింట్ లూయిస్‌ల ఆయనకు అన్నం పెట్టింది మాఫియా. జాన్ విటాలే అనే గూండా నాయకుని దగ్గర పనికి పెట్టుకున్నరు. కూలోళ్లు ఎదురు తిరిగితె బెదిరించెటందుకు లిస్టన్‌ను వాడుకున్నరని చెప్తరు. సంఘం పనులల్ల తిరిగెటోన్ని, దీన్ని దాటేసి ఆయన మీద మంచిగ రాస్తె నా చెయ్యే ఒప్పుకోది. పేదోని పిడికిలిని పేదోని మీదికే ఉసిగొల్పుడు ప్రతి ఊర్ల ఉన్నదే. కని కొట్టినోడు కొట్టినోడే. 1956ల ఒక పోలీసాయనతోని కొట్లాట అయింది. పోలీసు మోకాలు ఇరిగింది, తుపాకి లిస్టన్ చేతికొచ్చింది. మళ్ల జైలు, 1957 అంత బాక్సింగ్ లేదు. బయటికొచ్చినంక పోలీసులు ఎక్కడ కనవడ్డా ఆపుడు, పట్టుకపోవుడు. పట్నం ఇడిసిపెట్టి ఫిలడెల్ఫియా పోయిండు. ఆడ కూడ ఆయన కాంట్రాక్టు ఫ్రాంకీ కార్బో, బ్లింకీ పలర్మో అనే మాఫియా మనుషుల చేతులనే ఉండె. 1960ల అమెరికా సెనేట్ కమిటీ ముందు నిలవెడితె, సదువు రాదని అందరి ముందట ఒప్పుకోవాల్సి వచ్చింది.

1958 నుంచి 1960 దాక ఉన్న మూడేండ్లు నా లెక్కల లిస్టన్ అసలు కాలం. టైటిల్ కంటె ముందటి కాలం. గప్పటి ఫైట్లే ఎవరు చూడరు. 1959 ఏప్రిల్ల మయామి బీచ్‌ల క్లీవ్‌లాండ్ విలియమ్స్‌తోని ఫైట్. విలియమ్స్ చేతుల దెబ్బ ఎంత గట్టిదో అప్పటి బాక్సర్లందరికి తెలుసు. ఆయన దెబ్బకు లిస్టన్ ముక్కు ఇరిగింది. ముక్కు నుంచి రక్తం కారుతుంటె మామూలోడు పూనకం వచ్చినట్టు మీద పడ్తడు, లేకుంటె ఎనకకు జరుగుతడు. లిస్టన్ జాబ్ కొట్టుకుంట పోయిండు. మొఖం మార్చలే, తీరు మార్చలే. మూడో రౌండ్ల విలియమ్స్ పని అయిపోయింది. 1960 మార్చిల హ్యూస్టన్‌ల మళ్ల నిలవడ్డరు, రెండో రౌండ్‌కే ఖతం. అదే ఏడు జూలైల జోరా ఫోలీని మూడో రౌండ్ల పడగొట్టిండు. ఫోలీ అంటె మస్తు పనితనం ఉన్న బాక్సర్, మంచి జాబ్ ఉన్నోడు. జాబ్‌కు జాబ్ అడ్డం పెడితె ఎవలది నిలవడ్డదో ఆడ తేలింది.

సెప్టెంబర్ల సియాటిల్ల ఎడ్డీ మాచెన్ మాత్రం 12 రౌండ్లు నిలవడ్డడు. గెలవలే, కని పడిపోలే. తిరుగుకుంట, దగ్గరికొస్తె పట్టుకుంట, అయిపోంగనే పక్కకు తప్పుకుంట నడిపిండు. లిస్టన్ లోపం ఆడ కనవడ్డది. ఆయన కాళ్లు ముందుకు బాగ పోతయి, పక్కకు అంత జల్ది పోవు. దూరం కొలిచి రోకలి దించేలోపల వడ్లు జరిగిపోతె రోలే మిగుల్తది. అయినా 12 రౌండ్లు జాబ్ తోనే పాయింట్లు కూడగట్టి గెలిచిండు గదా. ఒక్క దెబ్బతోని పడగొట్టుడు తప్ప ఏం రాదు అనెటోళ్లు గీ ఫైట్ పేరు తీయరు.

అప్పటి ఛాంపియన్ ఫ్లాయిడ్ ప్యాటర్సన్. ఆయన మేనేజర్ కస్ డమాటో లిస్టన్‌ను ఎన్నేండ్లు తప్పిస్తడో తప్పించిండు. పౌరహక్కుల ఉద్యమం పెద్దమనుషులకు కూడ లిస్టన్ ఛాంపియన్ అయ్యుడు ఇష్టం లేదు. జైలుకు పోయొచ్చినోడు నల్లోళ్లకు మొఖం అయితె తెల్లోళ్లు ఏమనుకుంటరని భయం. ఉద్యమాల్ల ఉన్నోళ్లం మనం కూడ అప్పుడప్పుడు గిదే చేస్తం, సక్కగ మాట్లాడెటోన్ని ముందు నిలవెడ్తం. న్యూయార్క్ రాష్ట్రం ఆయనకు లైసెన్సే ఇయ్యలే. 1962 సెప్టెంబర్ 25న షికాగోల ఫైట్ అయింది. రెండు నిమిషాల ఆరు సెకండ్లు. ప్యాటర్సన్ పడిపోయిండు. 1963 జూలైల లాస్ వేగస్‌ల మళ్ల నిలవడితె నాలుగు సెకండ్లు ఎక్కువ పట్టింది. ఫస్టు ఫైట్ అయినంక ప్యాటర్సన్ సిగ్గుతోని పెట్టుడు గడ్డం పెట్టుకొని బయటికి పోయిండంటరు.

నన్ను శానా రోజులు ఇడువని ముచ్చట ఒకటున్నది. షికాగోల గెలిచి లిస్టన్ విమానంల ఫిలడెల్ఫియాకు వాపస్ వస్తుండు. పక్కన కూసున్న పత్రికాయనతోని తొవ్వ పొడుగున మాట్లాడిండు. ఇగ నుంచి మంచి ఛాంపియన్ లెక్క ఉండాలె, జనానికి ఏం చెప్పాలె అని మాటలు అప్పజెప్పుకున్నడు. తలుపు తీసి మెట్ల మీదికి వచ్చి చూస్తె ఎయిర్‌పోర్టుల దిక్కు లేదు. కొందరు పత్రికలోళ్లు, ఎయిర్‌పోర్టుల పని చేసెటోళ్లు, గంతే. మేయర్ లేడు, మాల లేదు. ఆయన భుజాలు ఎట్ల కుంగినయో ఆ పత్రికాయన తర్వాత రాసిండు. ప్రపంచ ఛాంపియన్‌కు సొంతూరు స్వాగతం అది. తర్వాత డెన్వర్‌కు మకాం మార్చిండు.

1963 డిసెంబర్ల ఎస్క్వయిర్ పత్రిక లిస్టన్‌కు క్రిస్మస్ తాత టోపీ పెట్టి అట్ట మీద ఏసింది. గొడవ గొడవ అయింది, ప్రకటనలు ఇచ్చెటోళ్లు పారిపోయిండ్రు. గా ఏడే బర్మింగ్‌హామ్ చర్చిల బాంబు పెట్టి నలుగురు నల్ల ఆడపిల్లలను చంపిండ్రు. గప్పుడు ఐరోపా పర్యటనల ఉన్న లిస్టన్, అమెరికావాణ్ని అని చెప్పుకొనుడు సిగ్గుగ ఉందన్నట్టు పత్రికలల్ల వచ్చింది. గీ మాట ఎవరు గుర్తుంచుకోలే. రాజకీయం మాట్లాడే హక్కు కూడ కొందరికే ఇస్తరు.

తర్వాత 1964 ఫిబ్రవరి 25, మయామి బీచ్. 22 ఏండ్ల కాసియస్ క్లే, కొన్నొద్దులకే మహమ్మద్ అలీ అయ్యెటోడు. 46 మంది పత్రికా రచయితలను అడిగితె 43 మంది లిస్టన్ గెలుస్తడన్నరు. క్లే ఏం చేసిండో చూస్తె లిస్టన్ జాబ్ విలువ తెలుస్తది. పొద్దంత తన ఎడమ దిక్కే తిరిగిండు, అంటె లిస్టన్ ఎడమ చేతికి దూరంగ. జాబ్ వస్తె తలకాయను ఎనకకు వంచిండు. ఆయన పన్నాగం అంత ఒక్క చేతిని తప్పించుకునుడు చుట్టే తిరిగింది. ఆరో రౌండ్ అయినంక లిస్టన్ స్టూల్ మీద నుంచి లేవలే. భుజం పోయిందన్నడు. ఏ భుజం? ఎడమది. ఎవరు నమ్మలే. పైసలు ఆపి, ఎనిమిది మంది డాక్టర్లతోని పరీక్ష చేయించిండ్రు, దెబ్బ నిజమే అని తేలినంక ఇచ్చిండ్రు. ఇంకో సంగతి, అప్పటిదాక జడ్జీల కార్డుల మీద ఇద్దరు సమానంగ ఉన్నరు. క్లే గెలుపు గొప్పదే, దాన్ని తక్కువ చేస్తలేను. లిస్టన్ సరిగ కసరత్తు చేయలేదు, జల్ది అయిపోతదనుకున్నడు, అది ఆయన తప్పే. కని ఆ ఒక్క రాత్రి చూసి, అంతకు ముందటి పదేండ్లు ఉత్తదే అనుడు న్యాయం గాదు.

ఫొటో తీసిన రెండో ఫైట్ గురించి నేను ఎక్కువ రాయ. ఫస్టు రౌండే, చూసినోళ్లల్ల శానామందికి దెబ్బ కనవడలే. కావాలని పడ్డడని కొందరు, నిజంగనే తగిలిందని కొందరు ఇప్పటిదాక కొట్లాడుకుంటరు. కొట్లాడుకోనిద్దాం.

ఆ తర్వాత ఐదేండ్లు ఆయన ఉన్నడని లోకం మర్చిపోయింది. స్వీడన్ పోయి నాలుగు ఫైట్లు గెలిచిండు. అమెరికాకు వాపస్ వచ్చి ఇంకా గెలిచిండు. 1969 డిసెంబర్ల లాస్ వేగస్‌ల లియోటిస్ మార్టిన్ తొమ్మిదో రౌండ్ల పడగొట్టిండు. దాంట్ల కూడ అప్పటిదాక ముందున్నది లిస్టనే. గెలిచిన మార్టిన్‌కు కంటి లోపలి పొర ఊడింది, మళ్ల ఎన్నడు రింగులకు దిగలే. ఆరు నెలలకు, 1970 జూన్ 29న, జెర్సీ సిటీల చక్ వెప్నర్. గా వెప్నర్ 1975ల అలీ ముందు నిలవడ్డ తీరు చూసే రాకీ సినిమా కథ పుట్టింది. లిస్టన్ చేతుల ఆయన మొఖానికి 70కి పైన కుట్లు పడ్డయి. లిస్టన్ వయసు గప్పటికి ఎంతో ఎవరికి తెల్వది. కాళ్లు బరువెక్కినయి, కుడి చేతిల పదును పోయింది. మిగిలింది ఎడమ చెయ్యి, దానితోనే తొమ్మిది రౌండ్లు మనిషిని కోసిండు. ఆయన ఆఖరి ఫైట్ అదే. బలం పోయినంక కూడ మిగిలేదాన్ని ఏమంటరు?

అప్పట్ల జార్జ్ ఫోర్‌మన్ అనే కుర్రోడు లిస్టన్‌తోని సాధన చేసెటోడు. తర్వాత తనే ప్రపంచ ఛాంపియన్ అయిండు. తనను రింగుల ఎనకకు నడిపించినోడు లిస్టన్ ఒక్కడే అని ఫోర్‌మన్ చెప్పుకున్నడు. ఫోర్‌మన్ జాబ్ చూడుండ్రి, అదే రోకలి.

1971 జనవరి 5న భార్య జెరాల్డిన్ ఊరి నుంచి ఇంటికొచ్చి చూస్తె లిస్టన్ చచ్చిపోయి ఉన్నడు. అప్పటికే కొన్నొద్దులైంది. గందుకే పుట్టిన తారీఖు లెక్కనే పోయిన తారీఖు కూడ అందాజే, 1970 డిసెంబర్ 30 అని రాసుకున్నరు. మత్తుమందు ఆనవాళ్లు దొరికినయి, సర్కారు సహజ మరణం అన్నది, జనం చంపిండ్రన్నరు. మొత్తం 54 ఫైట్లు, 50 గెలుపులు, అండ్ల 39 నాకౌట్లు. సమాధి రాయి మీద ఛాంపియన్ అని లేదు. పేరు, ఏండ్లు, మనిషి అన్న ఒక్క మాట.

నేర్చుకునే పిల్లలకు ఒక పని చెప్త. అలీ ఫైట్లు తర్వాత చూసుకోండ్రి. యూట్యూబ్‌ల 1959 క్లీవ్‌లాండ్ విలియమ్స్ ఫైట్ దొరుకుతది, మూడు రౌండ్లే. కామెంటరీ సప్పుడు బంద్ పెట్టుండ్రి. మొదటిసారి లిస్టన్ చేతులు చూడకుండ్రి, ముందున్న ఎడమ కాలు మాత్రమే చూడుండ్రి. రెండోసారి ఎడమ భుజం. మూడోసారి పిడికిలి. కాలు ముందు ఆనిందా, పిడికిలి ముందు ఆనిందా అని లెక్క వెట్టి నాకు రాయుండ్రి.